పథకం డబ్బు భద్రం: ఇంట్లో ఫోను, కంప్యూటరు, వైఫైని సైబర్ దాడుల నుంచి కాపాడుకుందాం

లబ్ధిదారుల అవగాహన పాఠం – విజయవాడ, కృష్ణా డెల్టా ప్రాంతం

ఈ పాఠం ఎవరి కోసం?

ఎన్టీఆర్ భరోసా పింఛను, తల్లికి వందనం, అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ లాంటి పథకాల డబ్బు అందుకునే కుటుంబాల కోసం. ఇంట్లో స్మార్ట్ ఫోను ఒక్కటే ఉన్నా, పిల్లల చదువుకు కంప్యూటరు, ఫైబర్ నెట్ పెట్టె కూడా ఉన్నా ఇది మీకు పనికొస్తుంది. చదవడం రాని పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు చదివి వినిపించండి.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పీడీఎఫ్‌లో మీరు నొక్కాల్సిన లింకు ఒక్కటీ లేదు. నింపాల్సిన ఫారం లేదు. పథకం పేరుతో వాట్సాప్‌లో వచ్చే ప్రతిదాన్నీ ఇలాగే చూడండి. చదువుకునే సమాచారమైతే చదవండి. "ఇక్కడ నొక్కండి, ఇది ఇన్‌స్టాల్ చేయండి" అంటే ఆగిపోండి.

ముందుగా గుర్తుంచుకోవాల్సిన నాలుగు మాటలు

1. ఏ పథకం డబ్బు రావడానికైనా వాట్సాప్‌లో వచ్చిన యాప్ ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన పని లేదు.
2. ఓటీపీ, యూపీఐ పిన్, ఏటీఎం పిన్ ఎవరికీ చెప్పకూడదు. బ్యాంకు వాళ్లమన్నా, సచివాలయం నుంచన్నా, పోలీసులమన్నా చెప్పకూడదు.
3. ఫోను, కంప్యూటరు "అప్‌డేట్" అడిగితే వాయిదా వేయకండి.
4. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోన్ చేయండి.

1. మా ఇంటి మీద దాడి చేస్తే వాళ్లకేం వస్తుంది?

"మా దగ్గర ఏముందని దోచుకుంటారు?" అని చాలామంది అంటారు. మోసగాళ్లు మీ ఇంటిని వెతుక్కుంటూ రారు. ఒకే మెసేజి వేలమందికి పంపుతారు. అందులో ఎవరో ఒకరు నొక్కుతారు. తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ డబ్బు రైతు ఖాతాలో పడుతుంది. ఆ ఖాతాకు ఆధార్, ఫోను నంబరు లింక్ అయి ఉంటాయి. అంటే మీ ఫోను వాళ్ల చేతికి చిక్కితే ఖాతా తాళం చిక్కినట్టే.

డబ్బు కోసం జనం ఎదురుచూసే రోజులే మోసగాళ్లకు అదను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు సింగ్‌నగర్ లాంటి చోట్ల ఇళ్లు మునిగినవాళ్లు పరిహారం కోసం రోజూ ఖాతా చూసుకున్నారు. పంట పెట్టుబడి సమయంలో రైతులు, బడులు తెరిచే సమయంలో తల్లులు అలాగే చూస్తారు. సరిగ్గా అప్పుడే "మీ పేరు లిస్టులో ఉంది, కేవైసీ పెండింగ్" అని మెసేజి వస్తే చెయ్యి దానంతటదే లింకు మీదకు వెళ్తుంది. ఆ రోజుల్లో రెట్టింపు జాగ్రత్త పడాలి.

2. ఫోను మీద దాడి ఎలా జరుగుతుంది?

ఇప్పుడు ఎక్కువగా వస్తున్నది "ఏపీకే ఫైలు" మోసం. ఏపీకే అంటే ఆండ్రాయిడ్ ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు. పీఎం కిసాన్ పేరుతో, ట్రాఫిక్ చలానా పేరుతో, బ్యాంకు కేవైసీ పేరుతో, పెళ్లి శుభలేఖ పేరుతో కూడా ఇవి వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వరసగా జరిగేది ఇది:

మొదట: ఫైలు నొక్కగానే "తెలియని చోటు నుంచి వచ్చిన యాప్, ఇన్‌స్టాల్ చేయాలా?" అని ఫోను అడుగుతుంది. అది ఫోను మీకు చేస్తున్న హెచ్చరిక. ఇక్కడ ఆగితే ఏమీ కాదు.

తర్వాత: ఆ యాప్ "ఎస్సెమ్మెస్ చదవడానికి అనుమతి" అడుగుతుంది. "అలో" నొక్కారంటే మీకు వచ్చే ఓటీపీలన్నీ వాళ్లకు కనిపిస్తాయి. మీరు నోరు తెరిచి ఓటీపీ చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత: "యాక్సెసిబిలిటీ" అనుమతి అడుగుతుంది. అది కూడా ఇస్తే మీ తెర మీద ఏముందో చూడగలరు, మీ బదులు బటన్లు నొక్కగలరు.

చివరగా: ఖాతా ఖాళీ అవుతుంది. అదే ఫైలు మీ వాట్సాప్ నుంచి మీ బంధువులకు, డ్వాక్రా గ్రూపుకు, బడి గ్రూపుకు వెళ్తుంది.

ఈ చివరి మాట మళ్లీ చదవండి. మీకు ఫైలు పంపింది మీ పిన్ని అయినా, గ్రూపు లీడరు అయినా, అది వాళ్లు పంపింది కాకపోవచ్చు. వాళ్ల ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండొచ్చు. "అక్కా, నువ్వే పంపావా ఇది?" అని ఒక్క ఫోన్ కాల్ చేసి అడిగితే ఇద్దరికీ మేలు. ఆ కాల్‌తోనే మీ అక్కకు తన ఫోనులో ఏదో జరిగిందని తెలుస్తుంది.

ఫోనులో ఈ రోజే చేయాల్సినవి:

– సెట్టింగ్స్‌లోకి వెళ్లి "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" అని వెతకండి. వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ – అన్నిటికీ అది ఆఫ్‌లో ఉండాలి.
– ప్లే స్టోర్‌లో "ప్లే ప్రొటెక్ట్" ఆన్‌లో ఉందో లేదో చూడండి.
– వాట్సాప్ సెట్టింగ్స్‌లో "టూ స్టెప్ వెరిఫికేషన్" పెట్టి, ఆరంకెల పిన్ వేసుకోండి. పుట్టిన సంవత్సరం, బండి నంబరు వేయకండి.
– వాట్సాప్‌లో ఫొటోలు, ఫైళ్లు వాటంతటవే డౌన్‌లోడ్ కావడం ఆపేయండి.
– ఫోనుకు తెర తాళం పెట్టండి. యూపీఐ పిన్, ఫోను తాళం పిన్ ఒకటే కాకూడదు.

3. అసలు ప్రభుత్వ సమాచారాన్ని గుర్తుపట్టడం ఎలా?

వాట్సాప్‌లో రాష్ట్ర ప్రభుత్వ సేవలు ఉన్న మాట నిజమే. "మన మిత్ర" పేరుతో 2025 జనవరి 30న మొదలయ్యాయి. ఆ నంబరు 95523 00009. దాన్ని మీరే మీ ఫోనులో సేవ్ చేసుకుని, మీరే "హాయ్" అని పంపాలి. వేరే నంబరు నుంచి "మేం మన మిత్ర" అని మెసేజి వస్తే నమ్మకండి.

ఎస్సెమ్మెస్ అయితే పంపినవారి పేరు చివర చూడండి. ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రభుత్వ సందేశాలకు పేరు చివర గీత పెట్టి ఇంగ్లీషు "జి" అక్షరం ఉంటుంది. మామూలు పదంకెల మొబైల్ నంబరు నుంచి "ప్రభుత్వం" అని మెసేజి వస్తే అది ప్రభుత్వం కాదు.

వెబ్‌సైటు అయితే చిరునామా చివర చూడాలి. ఉత్తరం మీద ఊరి పేరు చివర రాసినట్టే, ఇక్కడ కూడా అసలు సంగతి చివర ఉంటుంది. ప్రభుత్వ సైట్లు "డాట్ జీవోవీ డాట్ ఇన్"తో ముగుస్తాయి. బ్యాంకుల సైట్లు ఇప్పుడు "డాట్ బ్యాంక్ డాట్ ఇన్"తో ముగుస్తున్నాయి. ముందు భాగంలో పీఎం కిసాన్ అనో, ఏపీ అనో ఎవరైనా రాసుకోవచ్చు. ఏటవాలు గీత రాకముందు చివర ఏముందో చూసి నమ్మండి.

ఇంకా అనుమానమా? ఫోను పక్కన పెట్టి సచివాలయానికో, రైతు సేవా కేంద్రానికో వెళ్లి అడగండి. నిజంగా కేవైసీ పెండింగ్ ఉంటే అక్కడే చెబుతారు. ఒక పూట ఆలస్యమైతే పథకం పోదు.

4. ఇంట్లో కంప్యూటరు ఉంటే

2017 మే 12న ప్రపంచమంతా ఒక వైరస్ పాకింది. దాని పేరు వాన్నాక్రై. కంప్యూటర్లో ఉన్న ఫైళ్లన్నిటికీ తాళం వేసి, "300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కడితే తీస్తాం" అని తెర మీద చూపించింది. దాదాపు 150 దేశాలకు అది పాకింది. మన రాష్ట్రంలో కృష్ణా, గుంటూరు, చిత్తూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి.

ఇందులో మనకున్న పాఠం ఏంటంటే, ఆ వైరస్ రావడానికి ఎవరూ ఏ లింకూ నొక్కాల్సిన పని లేకుండా పోయింది. విండోస్‌లో ఉన్న ఒక లోపం గుండా ఒక కంప్యూటరు నుంచి అదే నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కంప్యూటరుకు తనంతట తానే వెళ్లింది. ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. అప్‌డేట్ చేసుకున్న కంప్యూటర్లకు ఆ దారి మూసుకుపోయింది. చేసుకోనివి దొరికిపోయాయి.

కాబట్టి కంప్యూటర్ ఉన్నవాళ్లు ఇవి చూసుకోండి:

అప్‌డేట్లు: సెట్టింగ్స్‌లో "విండోస్ అప్‌డేట్" తెరిచి, ఉన్నవన్నీ ఎక్కించండి. నెట్ డేటా ఖర్చవుతుందని ఆపకండి.

పాత విండోస్: విండోస్ 10కి మామూలు ఉచిత అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. మీది విండోస్ 10 అయితే, 11కి మారే వీలుందో లేదో విండోస్ అప్‌డేట్‌లోనే చూపిస్తుంది. ఏడో నంబరు, ఎనిమిదో నంబరు విండోస్ ఉన్న పాత కంప్యూటర్లలో బ్యాంకు పని అస్సలు చేయకండి. పిల్లల టైపింగుకు, నోట్సుకు వాడుకోండి.

క్రాక్ సాఫ్ట్‌వేర్: సెకండ్ హ్యాండ్ కంప్యూటరు కొన్నప్పుడు "అన్నీ ఫ్రీగా వేసిచ్చాం" అంటారు. దొంగ విండోస్, క్రాక్ చేసిన గేమ్‌లతో పాటే వైరస్ కూడా వస్తుంది. విండోస్‌తో పాటే వచ్చే "విండోస్ సెక్యూరిటీ" ఇంటి అవసరానికి సరిపోతుంది. క్రాక్ వేయడానికి దాన్ని ఆపమంటారు, ఆపకండి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ నడిపే "సైబర్ స్వచ్ఛతా కేంద్ర" సైటులో వైరస్ తొలగించే ఉచిత టూల్స్ ఉన్నాయి.

పిల్లలకు వేరే ఖాతా: పిల్లల పేరుతో "స్టాండర్డ్ యూజర్" ఖాతా తెరవండి. అప్పుడు పెద్దవాళ్ల పాస్‌వర్డ్ లేకుండా కొత్త ప్రోగ్రాములు సాధారణంగా ఎక్కవు.

నకళ్లు: పట్టాదారు పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి ఫొటోలు ఒక పెన్ డ్రైవ్‌లోనో, హార్డ్ డిస్క్‌లోనో కాపీ చేసి, తర్వాత దాన్ని కంప్యూటరు నుంచి తీసి బీరువాలో పెట్టండి. గుచ్చి ఉంచేస్తే వైరస్ దానికీ తాళం వేస్తుంది.

"మీ కంప్యూటరుకు వైరస్ వచ్చింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అని తెర నిండా వచ్చి, సైరన్ మోగితే భయపడకండి. అది ఒక వెబ్ పేజీ మాత్రమే. బ్రౌజరు మూసేయండి, మూతపడకపోతే కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టండి. ఆ నంబరుకు చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, మీ తెరను వాళ్లే నడుపుతారు.

5. వైఫై పెట్టె: అందరూ మరిచిపోయే తలుపు

ఇంట్లోని ఫోను, టీవీ, కంప్యూటరు, సీసీ కెమెరా అన్నీ ఈ పెట్టె గుండానే బయటికి వెళ్తాయి. కేబుల్ ఆపరేటరు బిగించి వెళ్లిన రోజు నుంచి దాన్ని ఎవరూ ముట్టుకోరు. అదే ఇబ్బంది.

2016లో మిరాయ్ అనే వైరస్ ఇంటర్నెట్‌లో ఉన్న వైఫై పెట్టెల్ని, సీసీ కెమెరాలను వెతికి, కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటీ వేసి చూసింది. "అడ్మిన్, అడ్మిన్" లాంటివి. మార్చనివన్నీ తెరుచుకున్నాయి. అలా పోగేసిన పరికరాలతో అక్టోబరు 21న అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైట్లనే కొన్ని గంటలు ఆపేశారు. ఆ కెమెరాల యజమానులకు తమ ఇంటి వస్తువే దాడి చేస్తోందని తెలియదు.

వైఫై పెట్టెకు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి, మీరు ఫోనులో వేసే వైఫై పాస్‌వర్డ్. రెండోది, పెట్టె లోపలి సెట్టింగులు తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్. రెండూ మార్చాలి. మీకు రాకపోతే ఆపరేటరు ఈసారి వచ్చినప్పుడు ఇలా అడగండి: "బాబూ, అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చు. వైఫై డబ్ల్యూపీఏ2 గానీ, డబ్ల్యూపీఏ3 గానీ పెట్టు. డబ్ల్యూపీఎస్ ఆపెయ్. పెట్టె సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చెయ్." కొత్త పాస్‌వర్డ్ మీ ఎదురుగానే మీరు టైప్ చేయండి.

పాస్‌వర్డ్ పొడుగ్గా ఉండాలి. సంబంధం లేని నాలుగు మాటలు కలిపితే గుర్తూ ఉంటుంది, కనిపెట్టడమూ కష్టం. ఇంటిపేరు, ఫోను నంబరు వద్దు. నోటు పుస్తకంలో రాసి బీరువాలో పెట్టుకోవడం తప్పు కాదు. గోడ మీద రాయడం తప్పు.

పక్కింటివాళ్లు, అద్దెకున్నవాళ్లు పాస్‌వర్డ్ అడిగితే మొహమాటపడతాం. కానీ కనెక్షన్ మీ పేరు మీద ఉంది. మీ వైఫై నుంచి ఎవరైనా తప్పు పని చేస్తే పోలీసులు మొదట మీ గుమ్మమే తొక్కుతారు. తప్పదంటే పెట్టెలో "గెస్ట్ నెట్‌వర్క్" పెట్టించి, ఆ పాస్‌వర్డ్ ఇవ్వండి.

6. ఆధార్, వేలిముద్ర, నెట్ సెంటర్

మీ వేలిముద్రతో ఆధార్ ద్వారా డబ్బు తీసే పద్ధతి పల్లెల్లో చాలా మేలు చేస్తోంది. అయితే వేలిముద్ర కాపీ చేసి డబ్బు కాజేసిన కేసులు కూడా ఉన్నాయి. దీనికి ఆధార్ సంస్థే ఒక తాళం ఇచ్చింది. ఆధార్ యాప్‌లోగానీ, వెబ్‌సైటులోగానీ "బయోమెట్రిక్ లాక్" పెట్టుకోవచ్చు. ఆధార్‌కు మొబైల్ నంబరు లింక్ అయి ఉండాలి. సహాయానికి 1947.

పింఛనుదారులకు ముఖ్య గమనిక: లాక్ పెడితే మీ వేలిముద్ర, కంటిపాప, ముఖం ఎక్కడా పనిచేయవు. పింఛను ఇచ్చే రోజు ముందుగా అన్‌లాక్ చేసుకోవాలి. ఫోను వాడటం రాని పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే లాక్ పెట్టకపోవడమే నయం. బదులుగా, వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. "సర్వర్ రాలేదు, మళ్లీ పెట్టండి" అంటే డబ్బు కట్ అయిందో లేదో చూసి పెట్టండి.

జిరాక్స్ షాపులో, నెట్ సెంటర్లో ఆధార్ కాపీ తీయించాల్సి వస్తే చివరి నాలుగంకెలే కనిపించే "మాస్క్‌డ్ ఆధార్" ఇవ్వండి. షాపు కంప్యూటర్లో మీ వాట్సాప్ తెరిస్తే, వచ్చేముందు మీ ఫోనులో "లింక్‌డ్ డివైజెస్" తెరిచి లాగౌట్ చేయండి. లేకపోతే మీరు ఇంటికి వెళ్లాక కూడా మీ మెసేజిలు అక్కడ కనబడుతూనే ఉంటాయి.

7. దాడి జరిగిపోతే: మొదటి గంటలో చేయాల్సినవి

సిగ్గుపడి, ఇంట్లో తిడతారని దాచి, రెండు రోజుల తర్వాత చెప్పేవాళ్లే ఎక్కువ నష్టపోతున్నారు. మోసపోవడం నేరం కాదు. ఇంట్లో పెద్దవాళ్లను తిట్టకండి, తిడితే తర్వాతిసారి చెప్పరు.

ఒకటి: ఫోనులో డేటా, వైఫై రెండూ ఆపేయండి. ఏరోప్లేన్ మోడ్ వేయండి.

రెండు: ఇంకో ఫోను నుంచి 1930కి చేయండి. మీ ఫిర్యాదు అందగానే డబ్బు ఏ బ్యాంకుకు వెళ్లిందో ఆ బ్యాంకుకు సమాచారం వెళ్తుంది. డబ్బు ఇంకా అక్కడే ఉంటే ఆపేస్తారు. మోసగాళ్లు దాన్ని ఖాతా నుంచి ఖాతాకు నిమిషాల్లో తిప్పేస్తారు కాబట్టే తొందర. ఖాతా నంబరు, పోయిన మొత్తం, తేదీ, సమయం, లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి.

మూడు: బ్యాంకుకు చెప్పి యూపీఐ, ఏటీఎం కార్డు, నెట్ బ్యాంకింగ్ ఆపించండి. ఫిర్యాదు నంబరు రాసుకోండి.

నాలుగు: "సైబర్‌క్రైమ్ డాట్ జీవోవీ డాట్ ఇన్"లో వివరాలు నమోదు చేయండి, లేదా పోలీసు స్టేషనుకు వెళ్లండి. మెసేజి, ఫైలు, స్క్రీన్‌షాట్లు తుడిచేయకండి, అవే సాక్ష్యం.

ఐదు: బంధువులకు, గ్రూపులకు "నా నంబరు నుంచి ఏ ఫైలు వచ్చినా తెరవకండి" అని చెప్పించండి.

ఆరు: పాస్‌వర్డ్‌లు, పిన్‌లు వేరే ఫోను నుంచి మార్చండి. పాడైన ఫోనును ఫ్యాక్టరీ రీసెట్ చేయించాకే మళ్లీ బ్యాంకు యాప్ వేయండి.

బ్యాంకు బాధ్యత ఎంత? రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన సూచనల ప్రకారం, మీ తప్పు, బ్యాంకు తప్పు లేకుండా బయటివాళ్ల వల్ల డబ్బు పోతే, బ్యాంకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు ఫిర్యాదు చేస్తే మీ మీద భారం ఉండదు. మీరే పిన్, ఓటీపీ చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలిపేదాకా జరిగిన నష్టం మీదే. తెలిపిన తర్వాత జరిగే నష్టం మాత్రం బ్యాంకుది. అందుకే ఏ విధంగా చూసినా, ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

8. లబ్ధిదారుల సందేహాలు

నాది బటన్ ఫోను. నాకూ ప్రమాదం ఉందా?
ఏపీకే ప్రమాదం లేదు. కానీ ఫోన్ చేసి ఓటీపీ అడిగేవాళ్లు మీకూ చేస్తారు. చెప్పకండి.

లింకు నొక్కాను, కానీ ఏమీ ఇన్‌స్టాల్ చేయలేదు. వివరాలు కూడా ఇవ్వలేదు.
చాలావరకు భయం లేదు. పేజీ మూసేయండి. డౌన్‌లోడ్స్‌లో ఏదైనా ఫైలు దిగి ఉంటే తెరవకుండా తీసేయండి. రెండు మూడు రోజులు ఖాతా గమనించండి.

నా పేరు మీద వేరేవాళ్లు సిమ్ తీసుకున్నారేమో ఎలా తెలుస్తుంది?
కేంద్ర టెలికాం శాఖ "సంచార్ సాథీ" సైటులో మీ పేరున ఎన్ని నంబర్లున్నాయో చూడొచ్చు. మీవి కానివి రిపోర్టు చేయొచ్చు. ఫోను పోతే బ్లాక్ చేయించుకునే వీలూ అక్కడే ఉంది.

"పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఫోన్ వచ్చింది.
ఇది రెండో మోసం. ఒకసారి మోసపోయినవాళ్ల నంబర్లకే చేస్తారు. 1930కి ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు.

ఆదివారం ఇంట్లో చేసుకునే పని

పిల్లలు ఫోను బాగా వాడతారు, పెద్దవాళ్లకు లోకం బాగా తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుంటే అరగంటలో అయిపోతుంది. అయినవాటికి టిక్కు పెట్టుకోండి.

□ అందరి ఫోన్లలో తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్ ఆఫ్ చేశాం
□ వాట్సాప్‌కు ఆరంకెల పిన్ పెట్టాం
□ ఫోను, కంప్యూటరు అప్‌డేట్ చేశాం
□ ముఖ్యమైన కాగితాల కాపీ పెన్ డ్రైవ్‌లో దాచాం
□ వైఫై, అడ్మిన్ పాస్‌వర్డ్‌లు రెండూ మార్చాం, లేదా ఆపరేటరుకు చెప్పాం
□ 1930, 1947, మన మిత్ర నంబర్లు అందరి ఫోన్లలో సేవ్ చేశాం
□ అమ్మమ్మకు, తాతయ్యకు "ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు" అని చెప్పాం

పెద్ద అక్షరాలతో 1930 అని రాసి, క్యాలెండరు పక్కన అంటించండి. తాళం పడిన ఫోనులో సేవ్ చేసిన నంబరు కనబడకపోవచ్చు, గోడ మీదది కనబడుతుంది.